20 వేల మడతచాకు: ఏ రూపాయి దేనికి పోతుంది?

వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డులో మిర్చి బస్తా మూతి కుట్టు తెంపడానికి హార్డ్‌వేర్ దుకాణంలో దొరికే 60 రూపాయల మడతచాకు చాలు. అదే పని చేసే 20 వేల రూపాయల చాకూ ఉంది. సుతిలి రెండింటికీ తెగుతుంది. మొదటి బస్తా దగ్గర తేడా ఏమీ తెలియదు. వందో బస్తా దగ్గర కొంత తెలుస్తుంది, ఏడాది గడిచాక ఇంకొంత. ఆ కాస్త తేడాకు అంత ధర పెట్టొచ్చా అన్నదే అసలు పేచీ.

మా మాట ముందే చెప్పేస్తాం. బాగా కోయడం ఒక్కటే కావాలంటే 2 వేల నుంచి 6 వేల లోపే పని ముగుస్తుంది. ఆ పైన పెట్టే ప్రతి వెయ్యి పదును ఎక్కువ రోజులు నిలవడానికి, తెరిచిన బ్లేడు మడతపడకుండా పట్టే లాక్ నమ్మకానికి, పనితనం నునుపుకు, పేరుకు పోతుంది. వీటికి విలువ లేదని కాదు. కానీ ఇంట్లో సానరాయి లేనివాడికి, దాని మీద చెయ్యి తిరగనివాడికి ఆ విలువలో సగం కూడా దక్కదు.

ముందు ధరల మెట్లు చూద్దాం. అట్టడుగున 50 నుంచి 200 రూపాయల చాకులు. రేకు మందంలో ఉంటాయి, ఏ ఉక్కో ఎవరూ చెప్పరు. వాటి పైన 1,500 నుంచి 3,000 మధ్య ఫ్రాన్స్ ఒపినెల్, స్విట్జర్లాండ్ విక్టోరినాక్స్. రెండూ పాతకాపులే. ఒపినెల్ 1890లో మొదలైంది, విక్టోరినాక్స్ కార్ఖానా 1884లో. ఆ తర్వాత 2,500 నుంచి 6,000 దాకా చైనా కంపెనీలు డీ2, 14సీ28ఎన్ లాంటి ఉక్కులతో చేసే లాక్ చాకులు. 12 వేలు దాటితే అమెరికా స్పైడెర్కో, బెంచ్‌మేడ్. క్రిస్ రీవ్ సెబెంజా లాంటివి అమెరికాలోనే 400 డాలర్లు దాటుతాయి. దిగుమతి సుంకం, పన్ను, కొరియర్ కలిసి ఇక్కడికి చేరేసరికి ధర ఎక్కడికో పోతుంది.

కోసేది పలచదనం

చాకు కోయడానికి మొదటి కారణం ఉక్కు పేరు అనుకుంటే పొరపాటు. అంచుకు సరిగ్గా పైన బ్లేడు ఎంత మందం ఉంది, అంచు ఏ కోణంలో ఉంది, ఈ రెండే ముందు లెక్క. అంచు పైన మందం 0.3 మి.మీ. ఉన్న చాకు పచ్చి మామిడికాయలో నూనెలో దిగినట్టు దిగుతుంది. 0.7 మి.మీ. ఉన్నది కట్టెలో దిగేసే చీలలా పనిచేస్తుంది. సగం దాకా దిగి, అక్కడినుంచి కాయను కోయకుండా పగలగొడుతుంది. పరీక్ష కావాలంటే లావుపాటి క్యారెట్‌ను అడ్డంగా కోసి చూడండి. టప్పుమని విరిగిన చప్పుడొస్తే బ్లేడు మందం.

చిక్కు ఇక్కడే ఉంది. ఖరీదైన మడతచాకుల్లో చాలావాటికి వెన్ను మందం 3 నుంచి 4 మి.మీ. ఉంటుంది. గట్టిగా, బరువుగా, చేతిలో నిండుగా ఉండాలని కొనేవాళ్లు కోరుకుంటారు, తయారీదారులు అలాగే చేస్తారు. ఎనిమిదో నంబరు ఒపినెల్ బ్లేడు పొడవు 8.5 సెం.మీ., మందం మాత్రం ఆ ఖరీదైన చాకుల మందంలో సగమే. కాయ, కూర, తాడు ఏది కోసినా ఆ 2 వేల చాకు 20 వేల చాకును దాటిపోవడం మామూలే. పైగా ఖరీదైన బ్లేడును పలచగా అరగదీయించుకుందామంటే కొత్తదనం పోతుందని ఎవరికీ మనసొప్పదు.

కోణం సంగతీ అంతే. కార్ఖానా నుంచి ఒక్కో పక్క 20 డిగ్రీలకు పైగా వచ్చిన అంచును 15 డిగ్రీలకు దించితే, పదును నిలిచే కాలం చాలాసార్లు ఉక్కు మార్చిన దానికంటే ఎక్కువ పెరుగుతుంది. ఆ మార్పుకు అయ్యేది రాయి మీద ఒక గంట.

ఉక్కు: కోనసముద్రం నుంచి వెనేడియం దాకా

ఉక్కు గురించి మాట్లాడుకోవడం ఉత్తర తెలంగాణకు కొత్త కాదు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో కరిగించి తీసిన ఉక్కు ముద్దల కోసం ఒకప్పుడు పర్షియా వర్తకులు వచ్చి కాచుకుని ఉండేవాళ్లు. ఆ తయారీ విధానాన్ని 19వ శతాబ్దం తొలినాళ్లలో హెన్రీ వోయ్‌సీ అనే భూగర్భ శాస్త్రవేత్త రాసిపెట్టాడు. 2010లో బెంగళూరు నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అడ్వాన్స్‌డ్ స్టడీస్, బ్రిటన్‌లోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం కలిసి ఈ జిల్లాల్లో పాత కొలుముల ఆనవాళ్లను సర్వే చేశాయి. ఇంగ్లిష్‌వాళ్లు ‘వూట్జ్’ అన్నది మన ఉక్కు అన్న మాటనే.

ఆ ఉక్కులో కార్బన్ సుమారు ఒకటిన్నర శాతం. ఇనుములో ఇమడగా మిగిలిన కార్బన్ గట్టి కార్బైడ్ రేణువులుగా మారి బారులు తీరేది. డమాస్కస్ కత్తుల మీద అలల్లాంటి గీతలు అవే. 1990లలో జాన్ వెర్‌హోవెన్ అనే లోహశాస్త్రవేత్త, ఆల్ఫ్రెడ్ పెండ్రే అనే కత్తుల కమ్మరి పాత కత్తులను పరీక్షించి, ముడి ఖనిజంతో పాటు వచ్చిన అతి స్వల్ప వెనేడియం లాంటి మూలకాలే ఆ బారులు ఏర్పడటానికి కారణమని చూపించారు.

ఈనాటి ఖరీదైన ఉక్కు కిటుకూ ఈ గట్టి రేణువులే. ఎస్35వీఎన్ అనే ఉక్కును తీసుకోండి. కార్బన్ 1.4 శాతం, క్రోమియం 14 శాతం, వెనేడియం 3 శాతం. క్రోమియం తుప్పును ఆపుతుంది. వెనేడియం కార్బన్‌తో కలిసి ఉక్కులో అన్నింటికంటే గట్టి రేణువుల్ని తయారుచేస్తుంది. దుమ్ము, ఇసుక అంచును అరగదీస్తుంటే ఈ రేణువులు అడ్డుపడతాయి. అయితే ఇన్ని రేణువులున్న ఉక్కును మామూలుగా పోతపోస్తే మెల్లగా చల్లారేటప్పుడు అవి పెద్దవై, గుంపులు కడతాయి. అంచు పెళుసవుతుంది. అందుకని కరిగిన ఉక్కును వాయువుతో చిమ్మి పొడిగా మారుస్తారు. ప్రతి బొట్టూ క్షణంలో గడ్డకట్టడంతో రేణువులకు పెరిగే వ్యవధి ఉండదు. ఆ పొడిని విపరీతమైన వేడి, ఒత్తిడి కింద మళ్లీ ముద్ద చేసి, సాగదీస్తారు. రవ్వతో చేసిన రొట్టెకూ, మెత్తగా ఆడించిన పిండి రొట్టెకూ ఉన్నంత తేడా వస్తుంది.

విక్టోరినాక్స్ బ్లేడులో కార్బన్ అర శాతం చుట్టుపక్కల, గట్టిదనం రాక్‌వెల్ కొలతలో 56. మంచి ఎస్35వీఎన్ బ్లేడు 59 నుంచి 61. డీ2 కూడా ఇంచుమించు అంతే. అయితే డీ2లో క్రోమియం 12 శాతం దగ్గరున్నా చాలాభాగం కార్బైడ్లలో చిక్కుకుపోతుంది. అందుకే వానాకాలం జేబులో చెమట పడితే చుక్కలు చుక్కలుగా తుప్పు పడుతుంది.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. ఉక్కు పేరు బ్లేడు మీద అచ్చు వేసినంత మాత్రాన పదును రాదు. వేడిచేసి చల్లార్చే పని, అంటే పాకం, సరిగ్గా కుదిరితేనే ఆ ఉక్కుకు ఆ గుణం. ఈ చాకు ఉక్కును వెయ్యి డిగ్రీలు దాటించి, వేగంగా చల్లార్చి, కొందరైతే గడ్డకట్టించే చలిలో పెట్టి, మళ్లీ రెండుసార్లు తక్కువ వేడిలో కాచి పెళుసుదనం తగ్గిస్తారు. వేడిలో కాస్త తేడా వచ్చినా 61 రావాల్సింది 57 దగ్గర ఆగుతుంది. పేరున్న కంపెనీకి చెల్లించే ధరలో న్యాయమైన భాగం ఇదే, ఎందుకంటే కంటితో చూసి ఇది తేల్చుకోలేరు. గట్టిదనం కొలిచే రాక్‌వెల్ యంత్రం ఇంజనీరింగ్ కాలేజీల మెటలర్జీ ల్యాబుల్లో ఉంటుంది, కొలిస్తే బ్లేడు మీద చిన్న గుంట పడుతుంది.

మన పనుల్లో పదును ఎందుకు పోతుంది

అంచు పోవడానికి నాలుగు దారులు. మెత్తటి ఉక్కయితే ఒక పక్కకు ఒరుగుతుంది. దుమ్ములో అరుగుతుంది. మరీ గట్టిదైతే పెచ్చులూడుతుంది. పులుపు, చెమట తగిలితే తుప్పు తింటుంది. ఏ దారిన పోతోందో తెలియకుండా ఖరీదైన ఉక్కు కొంటే జబ్బొకటి, మందొకటి.

గోనెసంచి, సుతిలి, అట్టపెట్టెలు అరగదీసే రకం. జనుము పోగుల్లో మట్టి ఉంటుంది. చేన్లలో మట్టి కొట్టుకున్న డ్రిప్ పైపులదీ అదే కథ. రోజుకు వందల కోతలు ఇలాంటివే అయితే వెనేడియం ఉక్కు నిజంగా పనికొస్తుంది. సాన పట్టాల్సిన సార్లు తగ్గుతాయి. పదును నిలకడను కొలిచే క్యాట్రా యంత్రంలోనూ 5 శాతం ఇసుక కలిపిన అట్టనే కోస్తారు. అంటే కంపెనీలు చెప్పుకునే అంకెలు ఈ ఒక్క రకం అరుగుదలవే.

ఇంట్లో కథ వేరు. గ్రానైట్ గట్టు మీదే నిమ్మకాయ పెట్టి కోసే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. గ్రానైట్‌లోని స్ఫటికం ఏ చాకు ఉక్కుకన్నా గట్టిది. అంచు దానికి ఒక్కసారి తగిలితే 60 రూపాయల చాకు ఒరుగుతుంది, 20 వేల చాకు పెచ్చూడుతుంది. ఒరిగినదాన్ని రెండు నిమిషాల్లో నిలబెట్టొచ్చు, పెచ్చూడినదానికి బోలెడంత ఉక్కు అరగదీయాలి. స్టీలు పళ్లెం, సిరామిక్ ప్లేటు మీద కోసినా ఇంతే. 300 రూపాయల చెక్కపలక ఏ ఉక్కు మార్పుకంటే ఎక్కువ మేలు చేస్తుంది.

మామిడి సొన, చింతపండు పులుపు కార్బన్ ఉక్కును నల్లగా చేస్తాయి. నలుపు తప్పు కాదు, ఎర్ర తుప్పే ప్రమాదం. కోసిన వెంటనే తుడిచి, పొడిగా ఉంచి, పల్లినూనె బదులు ఎండి జిగురు కట్టని ఖనిజనూనె చుక్క రాస్తే చాలు. మామిడి అంట్లు కట్టేవాళ్లకైతే ఒకవైపే సాన పట్టిన కార్బన్ ఉక్కు అంటుచాకే సరైనది. దాని స్థానంలో టైటానియం పిడి చాకు కొంటే పని చెడుతుంది, కోత చదునుగా రాదు.

సాన: ఖరీదైన చాకు ఇక్కడే ఓడిపోతుంది

వెనేడియం కార్బైడ్ మామూలు సానరాళ్లలో వాడే అల్యూమినియం ఆక్సైడ్ కంటే గట్టిది. అందుకే పాత రాయి మీద ఎంత రుద్దినా ఎస్35వీఎన్ అంచు జారుతున్నట్టే ఉంటుంది. దానికి వజ్రపు పొడి అతికించిన ప్లేటు కావాలి. సైకిల్ మీద వచ్చే సానవాళ్ల చక్రం పెరటి కత్తులకు, కత్తిపీటలకు బాగానే పనిచేస్తుంది. ఖరీదైన చాకును మాత్రం దానికి ఇవ్వకూడదు. పొడిచక్రం వేగానికి నిప్పురవ్వలు లేస్తుంటే పలచటి అంచు క్షణాల్లో కాలి, పెట్టిన పాకం దిగిపోతుంది. అంచు గోధుమరంగుకో నీలానికో తిరిగితే అంతమేర ఉక్కు మెత్తబడినట్టే.

ఇంట్లో చేసుకునే పద్ధతి ఇది. 400 నంబరు, 1000 నంబరు వజ్రపు ప్లేట్లు, ఒక పాత తోలు బెల్టు సిద్ధం చేసుకోండి. బ్లేడు అంచును నల్ల మార్కర్‌తో పూయండి. బ్లేడు వెడల్పు 20 మి.మీ. అయితే వెన్నును ప్లేటు నుంచి 5 మి.మీ. ఎత్తితే 15 డిగ్రీలు, 7 మి.మీ. ఎత్తితే 20 డిగ్రీలు. నీళ్లు చిలకరించి, బ్లేడు పిడివైపు చివర నుంచి మొన దాకా అంచు ముందుకు నడిచేలా లాగండి. పదిసార్లు లాగి చూడండి. మార్కర్ అంచు చివర దాకా పోయిందంటే కోణం కుదిరింది. అంచుకు పైభాగంలోనే పోయి అంచున మిగిలితే వెన్ను ఇంకాస్త ఎత్తాలి. ఒకే పక్క చేస్తూ పోతే, ఆవలి పక్కన గోటికి తగిలేంత సన్నటి ఇనుప మడత లేస్తుంది. మొన దాకా అది లేవకుండా పక్క మార్చడమే కొత్తవాళ్లు చేసే తప్పు. లేచాక రెండో పక్క అంతే చేయాలి. తర్వాత 1000 మీద ఒత్తిడి తగ్గిస్తూ పక్కకు ఐదు, మూడు, ఒకటి చొప్పున. చివరకు తోలు మీద వెన్నువైపు లాగుతూ పక్కకు పదిసార్లు. వార్తాపత్రిక కాగితం చిరగకుండా తెగితే సాన ముగిసింది. అక్కడక్కడా పట్టుకుంటే ఆ చోట మడత ఇంకా పోలేదు.

రెండు ప్లేట్లకూ కలిపి వెయ్యి, పదిహేను వందలు. ఏ చాకు కొన్నా ఈ ఖర్చు ముందు పెట్టాలని మా సలహా.

లాక్, ఇరుసు

ఎక్కువ డబ్బుకు ఎక్కువ నమ్మకం దొరికేది లాక్ దగ్గర. చవక చాకుల్లో, విక్టోరినాక్స్ చిన్న చాకుల్లో లాక్ ఉండదు, వెన్ను స్ప్రింగు ఒత్తిడే. కోతకు అది చాలు. మొనతో బస్తాను పొడిస్తే మాత్రం బ్లేడు వేళ్ల మీదికి మడతపడుతుంది. ఒపినెల్‌కు 1955 నుంచి మెడ దగ్గర తిప్పే ఇనుప కట్టు ఉంది. మామూలు లాక్ చాకుల్లో లోపలి రేకు పక్కకు జరిగి బ్లేడు మడమ, అంటే పిడిలో ఉండే బ్లేడు చివర, కింద నిలుస్తుంది. ఆ రేకు మడమ వెడల్పులో మూడో వంతు నుంచి సగం దాకా పట్టుకోవాలి. అంచు మీదే ఆగితే జారుతుంది, కొత్తగా ఉన్నప్పుడే ఆవలి చివరకు చేరితే త్వరలో అరిగిపోతుంది. కొనేటప్పుడు బ్లేడు వెన్నును బల్ల అంచుకు ఆనించి, వేళ్లు దారిలో లేకుండా చూసుకుని, అరచేత్తో మెల్లగా నొక్కండి. కదిలితే వద్దు. వెన్నును బల్లకేసి కొట్టి పరీక్షించడం మాత్రం మంచి లాక్‌ను కూడా పాడుచేస్తుంది.

ఖరీదైన చాకుల్లో పిడినే కోసి లాక్‌గా మలుస్తారు, లేదా అడ్డంగా జరిగే కడ్డీ పెడతారు. తెరిస్తే ఊగదు, మూస్తే బ్లేడు సరిగ్గా మధ్యలో కూర్చుంటుంది. ఐదేళ్ల తర్వాతా అలాగే ఉండాలంటే రంధ్రం, ఇరుసు మధ్య సందు మిల్లీమీటరులో వందో వంతుల లెక్కన ఉండాలి. డబ్బు పోయేది ఇక్కడే. బ్లేడు ఉక్కు బరువు 30, 40 గ్రాములే, దాని ముడి ఖరీదు మొత్తం ధరలో చిన్న భాగం. టైటానియం పిడి మరలో కోస్తుంటే వేడి బయటికి పోక పనిముట్లను తినేస్తుంది, గట్టి ఉక్కును రాపిడి చేయడానికి బెల్టులు ఖర్చవుతాయి, చివరి పొందిక మనిషి చేత్తో కుదర్చాలి.

కానీ మన దుమ్ము ఈ నునుపును గౌరవించదు. వేలితో తట్టగానే తెరుచుకునే చాకుల ఇరుసులో చిన్న గోళీల బేరింగులుంటాయి. పత్తి నూగు, మిర్చి దుమ్ము, నల్లరేగడి మట్టి అందులో చేరితే నెలలోనే గరగరమంటాయి. చేను, మార్కెట్ పనికి ఫాస్ఫర్ కంచు వాషర్లున్న చాకే మేలు. బిరుసెక్కితే వెచ్చటి సబ్బునీళ్లలో పదిసార్లు తెరిచి మూసి, పూర్తిగా ఆరబెట్టి, ఇరుసుకు ఒకే చుక్క నూనె. మర బిగించాల్సివస్తే ఎనిమిదో వంతు చుట్టు చొప్పున తిప్పాలి. ఒపినెల్‌కు వేరే ఇబ్బంది: బీచ్ అనే చెట్టు చెక్కతో చేసిన పిడి వానలకు ఉబ్బి బ్లేడు కదలదు. గోళ్లతో పీకొద్దు. పిడి వెనక చివరను చెక్కకు తట్టితే బ్లేడు కాస్త బయటికి వస్తుంది. ఎండాక సందులో మైనం రుద్దాలి.

ఇంతకీ ఎవరికి తగును? రోజంతా అట్టలు, తాళ్లు, పైపులు కోసేవాళ్లు, వజ్రపు ప్లేటు మీద చెయ్యి తిరిగినవాళ్లు 12 నుంచి 15 వేల చాకు కొంటే డబ్బు వృథా కాదు. 40 వేల చాకు పనిముట్టుగా తూగదు. మంచి చేతిపనికి వెల కట్టి, ఇష్టపడి కొనుక్కుంటే ఎవరూ తప్పుపట్టాల్సింది లేదు. ఇంటికి, ప్రయాణానికి, అప్పుడప్పుడు చేనుకు అయితే ఒపినెల్ లేదా విక్టోరినాక్స్, దాంతోపాటు ప్లేట్లు. మడత అక్కర్లేకపోతే లారీ కమాన్ పట్టీతో మన కమ్మరి చేసే కత్తికి మొండితనంలో సాటి వచ్చేవి తక్కువ.

కొనేచోట జాగ్రత్త అవసరం. పెద్ద బ్రాండ్ల నకిలీలు ఆన్‌లైన్‌లో విచ్చలవిడిగా ఉన్నాయి. 15 వేల చాకు 2 వేలకు వచ్చిందంటే అది ఆ చాకు కాదు. అక్షరాలు మసకగా ఉండటం, మరల తలలు అరిగినట్టుండటం, బరువు కంపెనీ చెప్పిన గ్రాములతో కలవకపోవడం గుర్తులు. బిల్లు ఇచ్చే అధీకృత అమ్మకందారు దగ్గరే కొనాలి.

చట్టం సంగతి. 2016 ఆయుధ నిబంధనలు 9 అంగుళాలకు మించిన పొడవు లేదా 2 అంగుళాలకు మించిన వెడల్పు ఉన్న బ్లేడులను ఆయుధాల జాబితాలో చేర్చాయి. ఇల్లు, వ్యవసాయం, పరిశ్రమ పనుల కోసం చేసినవాటిని మినహాయించాయి. 3 అంగుళాల చాకు ఆ కొలతలోకి రాదు. అయినా కోర్టులు, సభలు, పోలింగ్ కేంద్రాల దగ్గర పోలీసుల ఆంక్షలు వేరుగా ఉంటాయి, బటన్ నొక్కగానే ఎగిరి తెరుచుకునే రకం జేబులో పెట్టుకు తిరగడం అనవసర తలనొప్పి. విమానంలో చేతిసంచిలో ఏ చాకూ వెళ్లనివ్వరు, చెక్-ఇన్ సామానులో పెట్టాలి. శంషాబాద్‌లో తనిఖీ వరుస దాకా వెళ్లాక జేబులో ఉందని గుర్తొస్తే అక్కడే వదిలేయాల్సి రావచ్చు. మిర్చి చేలోనో, పత్తి కుప్పలోనో జారిపడితే వెతికినా దొరకదు. జేబుచాకులు అరిగిపోవడం కంటే పోవడమే ఎక్కువ. పోతే ఎంత బాధపడతారో ఆ మొత్తాన్ని కూడా ధరలో కలిపి చూసుకుని కొనండి.